దీపావళి పూజల హారతి పట్టనని సేటుకు ఎట్ల చెప్పాలె?

ఎనుమాముల_గుమాస్తా
సోమవారం, రాత్రి 9:20

అందరికి వందనాలు. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక ఆడ్తి (కమీషన్) దుకాణంల లెక్కలు రాస్త. మిర్చి సీజన్ అయిపోయినంక చేరిన, ఇప్పుడు పత్తి వస్తున్నది. పాత గుమాస్తా వయసు మీదపడి ఇంటికాడనే ఉంటున్నడు. తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు), ఖాతా పుస్తకాలు, హమాలీల కూలి లెక్క అన్నీ ఇప్పుడు నా చేతులనే.

సంగతేందంటే దీపావళికి దుకాణంల లక్ష్మీ పూజ చేస్తరు. కొత్త పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టుడు, కొబ్బరికాయ కొట్టుడు, హారతి పట్టుడు అక్కడ గుమాస్తా పని. పాతాయన ఏండ్ల సంది చేసిండట. ఈసారి నా వంతు అని అందరు అనుకుంటున్నరు.

మేము తాతల కాలం నుంచి హన్మకొండ బాప్టిస్టు సంఘపోళ్లం. నా పేరు చూస్తే తెల్వదు. బొట్టు పెట్టుకోకపోతే మొగోన్ని ఎవరూ అడగరు. ఆదివారం మార్కెట్ బందే, అందుకని చర్చికి సెలవు అడిగే పని పడలే. సేటుకు ఇప్పటిదాక తెల్వదు.

జరమొచ్చిందని చెప్పి ఆ రోజు ఇంటికాడ ఉండుమంటది మా అమ్మ. పైకి చేసినట్టు చేసి లోపల యేసయ్యను తలుచుకోమంటడు మా బావ. నాకు రెండూ మింగుడు పడ్తలేవు. సేటు మంచోడే. పనిల నుంచి తీసేస్తడని భయం కాదు, ముఖం చిన్నబుచ్చుకుంటడని గుబులు. ఎప్పుడు చెప్పాలె, ఏమని చెప్పాలె?

ఖని_బాయిపని
సోమవారం, రాత్రి 10:05

తమ్మీ, జరమని మాత్రం చెప్పకు. దీపావళికి జరం, ఉగాదికి కడుపునొప్పి, మళ్ల దసరాకు ఏం చెప్తవ్?

నాది గోదావరిఖని. భూగర్భ గనిల పని. సింగరేణిల ఏ బాయి కాడికి పోయినా మైసమ్మ ఉంటది. ల్యాంప్ రూముల లైటు తీసుకొని, దిగే ముందు మైసమ్మకు మొక్కి పోతరు అందరు. నేను మొక్కను. టోపీ తీసి పక్కకు నిలబడి నా ప్రార్థన నేను చేసుకొని దిగుత. కొత్తల మా గ్యాంగుల లొల్లి అయింది. మొక్కనోన్ని ఎంబడి తీసుకుపోతే రూఫ్ మీద పడ్తదని ఒకాయన భయం. నా మీద కోపంతోని అన్న మాట కాదది. లోపల ప్రాణాలతోని పని, ఎవరి భయం వాళ్లకుంటది. ఆఖరికి మా సర్దార్ అన్నడు: "వాడు మొక్కేటోనికి వాన్ని మొక్కనియ్యిండ్రి. ఎవరో ఒకరు కాపాడితే సాలు." ఆ రోజుతోని లొల్లి ఒడిసింది.

"సువార్తను గూర్చి నేను సిగ్గుపడువాడను కాను." రోమా 1:16. మనోళ్లు ఆటోల మీద, గోడల మీద రాయించుకుంటరు గాని సేటు ముంగట నోరు రాదు. హారతి పట్టకు. కొబ్బరి ముక్క గూడ తీసుకోకు. ఇది అర్పించినదని ఎవరన్న చెప్తే తినొద్దని 1 కొరింథీ 10ల సాఫ్‌గ ఉన్నది.

కాజీపేట_లోకోషెడ్
సోమవారం, రాత్రి 10:40

ఖని తమ్ముడు చెప్పినదాంట్ల సగం నాకు ఒప్పుదల, సగం కాదు.

నేను డీజిల్ షెడ్డుల చేసి రిటైరైన. కథోలికులం, ఫాతిమా నగర్‌ల ఉంటం. ఆయుధ పూజ వచ్చిందంటే షెడ్డుల పెద్ద పండుగ. ఇంజన్లకు అరటి కమ్మలు, బంతిపూల దండలు, గుమ్మడికాయ కొట్టుడు. ముందురోజు ఇంజన్ కడిగి, గ్రీజు మరకలు తుడిచి, అద్దం లెక్క చేసి నిలబెట్టేటోన్ని నేనే. అది నా డ్యూటీ. పూజ టైముకు ఎనకకు వచ్చి చేతులు కట్టుకొని నిలబడేటోన్ని. హారతి ఇంకొకలు పట్టేటోళ్లు. నన్ను ఎన్నడూ ఎవరూ ఒక్క మాట అనలే.

అంటే నేను చెప్పేదేందంటే పని వేరు, పూజ వేరు. పుస్తకాలు సర్ది పీట మీద పెట్టుడు, దుకాణం ఊడ్చి కడుగుడు, వచ్చినోళ్లకు కుర్చీలు వేసుడు నువ్వు చెయ్యి, ఇంకా నలుగురికంటె ఎక్కువ చెయ్యి. హారతి పళ్లెం కాడ ఆగిపో. సిరియా సేనాధిపతి నయమాను సంగతి చదువు, 2 రాజులు 5. రాజుతోని రిమ్మోను గుడిలకు పోవలసి వస్తది, ఆయన నా చేతి మీద ఆనుకుంటడు, ఎట్ల అని ప్రవక్తను అడిగితే "నెమ్మదిగలిగి పొమ్ము" అన్నడు గాని ఉద్యోగం ఇడిసిపెట్టుమనలే.

కొబ్బరి ముక్క నేనైతే తిన్న. తినకపోతే తక్కువ లేదు, తింటే ఎక్కువ లేదని అదే కొరింథీ పత్రికల రెండు అధ్యాయాల ముందే ఉన్నది గద.

ఖని_బాయిపని
సోమవారం, రాత్రి 10:52

అన్నా, ఆ వాక్యం ఎంబడే బలహీనులకు అడ్డుబండ కావొద్దని గూడ ఉన్నది. సగం చదివి ఆపకు.

కాజీపేట_లోకోషెడ్
సోమవారం, రాత్రి 10:58

షెడ్డుల నన్ను చూసి పడిపోయిన బలహీనుడు ఎవడూ లేడు తమ్మీ. నేను తింటె సంతోషపడ్డ డ్రైవర్లు మాత్రం ఉన్నరు.

మానేరు_గట్టు
మంగళవారం, ఉదయం 6:15

మీ ఇద్దరి కొబ్బరికాయ పంచాయితీలో ఆ పిల్లవాడు అడిగింది పక్కకు పోయింది. ఎప్పుడు చెప్పాలి, ఏమని చెప్పాలి అని కదా అడిగాడు.

మాది కరీంనగర్, సీఎస్ఐ సంఘం. స్కూల్లో టీచర్ని. ఆడవాళ్లకు ఈ ఇబ్బంది మగవాళ్ల కంటే పదింతలు. నుదురు చూడగానే తెలిసిపోతుంది. సద్దుల బతుకమ్మకు స్టాఫ్ అంతా పట్టుచీరలు కట్టుకొని వస్తే నేను ఆడనంటే మొహాలు మాడిపోతాయి. చూసీ చూసీ కొన్ని సంగతులు అర్థమయ్యాయి.

పండుగ రోజు అసలు చెప్పకు తమ్ముడూ. పళ్లెం చేతికిచ్చాక వద్దంటే నలుగురిలో సేటును కాదన్నట్టు ఉంటుంది. వారం ముందే, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు, కాంటాలు అయిపోయి కాస్త తీరికగా కూర్చున్నప్పుడు చెప్పు. ఇంకొకటి, "సారీ సేటూ, ఏమనుకోకండి, మా ఇంట్లో ఒప్పుకోరు" అని మొదలుపెట్టకు. నువ్వు చేసిన నేరమేమీ లేదు. నీ విశ్వాసాన్ని మీ అమ్మ మీదకు తోయడం ఇంకా తప్పు. "సేటూ, మేము క్రైస్తవులం. నేను యేసుప్రభువుకు తప్ప ఇంకెవరికీ పూజ చెయ్యను. హారతి ఇంకెవరితోనైనా పట్టించండి, మిగతా పని ఏదున్నా నాకు చెప్పండి" అను. నాలుగు ముక్కలు. తర్వాత నోరు మూసుకో. మనవాళ్లు చేసే పొరపాటు అక్కడే. చెప్పాల్సింది చెప్పాక ఆగరు, ఆగలేక ప్రసంగం ఎత్తుకుంటారు. ఆయన అడిగితే అప్పుడు చెప్పు. "హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు" అన్నాడు పేతురు. అడగనివాడికి చెప్పమనలేదు.

వడ్డేపల్లి_చెరువు
మంగళవారం, ఉదయం 8:30

నేను హిందువును. ఈ చర్చలు అప్పుడప్పుడు చదువుతుంట, రాసుడు ఇదే మొదలు. అవతలి దిక్కు నుంచి ఎట్ల కనబడ్తదో చెప్పొచ్చా?

మా పక్కింటామె క్రైస్తవురాలు. బతుకమ్మకు మా అమ్మ సత్తుపిండి చేసి అందరికీ పంచుతది. వాళ్లు ఆ ఇంట్లకు వచ్చిన కొత్తల్నే ఆమె అమ్మతోని అన్నది: "వదినా, బతుకమ్మ ముంగట పెట్టకముందే ఒక గిన్నెల మాకు తీసిపెట్టు, మేము ఇష్టంగ తింటం. పెట్టినంక అయితే మేము తీసుకోము." అమ్మ ఒక్క నిమిషం బిత్తరపోయింది. అప్పటి సంది సత్తుపిండి కలపంగనే మొదటి గిన్నె వాళ్లదే. మూత పెట్టి పక్కకు పెడ్తది, మర్చిపోతదని దాని మీద ఎర్ర గుడ్డ గూడ కడ్తది. క్రిస్మస్‌కు వాళ్లింటి నుంచి మాకు వచ్చే గిన్నె దానికంటె పెద్దగుంటది.

మాకు నొప్పి కలిగేది "నేను చెయ్యను" అన్న మాటతోని కాదు. ఇచ్చిన ప్రసాదం నవ్వుకుంట తీసుకొని, మలుపు తిరిగినంక మోరీల పారేస్తరు చూడు, అది కాలుతది. ఇంకోటి, మా కాలనీల ఒక పాస్టర్ మైకు పెట్టి మా దేవుండ్లను దయ్యాలు అన్నడు. పక్కింటామె ఆ రోజు మా అమ్మ ముంగట తల దించుకున్నది. ఆమె ఎందుకు దించుకోవాలె?

ఖని_బాయిపని
మంగళవారం, ఉదయం 9:10

అన్నా నమస్తే. మోరీల పారేసుడు తప్పే, ఒప్పుకుంట. తీసుకోకుంటనే అయిపోవు. అయితే ఒకటి అడుగుత. దేవుడు ఒక్కడే, మార్గం ఒక్కటే అని మేము నమ్ముతం. మీకు నొప్పి కలుగుతదని ఆ మాట మింగాల్నా?

వడ్డేపల్లి_చెరువు
మంగళవారం, ఉదయం 9:45

మింగుమనలే. మీరు అది నమ్ముతరని నాకు ఎరుకే. పక్కింటామెను మా అమ్మ ఒకసారి అడగనే అడిగింది, "మరి మేమందరం ఎటు పోతమే?" అని. ఆమె ఏడ్చుకుంట చెప్పింది తను నమ్మింది. అమ్మకు కోపం రాలే. మైకుల చెప్పినాయనకు మా పేర్లు గూడ తెల్వయి.

డోర్నకల్_ప్యాసింజర్
మంగళవారం, మధ్యాహ్నం 1:20

చర్చ మంచిగా నడుస్తున్నది. మన దగ్గరి ముచ్చటే ఒకటి కలుపుతా. డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి దిక్కు తమిళాయన, 1909లో డోర్నకల్ వచ్చిండు. అప్పటికి అది నిజాం రాజ్యంలో రైలు జంక్షన్, చుట్టూ పల్లెలు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

అభిషేకానికి రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభ జరిగింది. అంత మంది దొరల నడుమ నిలబడి ఆయన అన్నదాని సారాంశం ఇది: మీరు మా కోసం ఆస్తులిచ్చిండ్రు, ఒళ్లు కాల్చుకోవడానికి కూడా ఇచ్చిండ్రు, మేము అడిగేది ప్రేమ, మాకు స్నేహితులను ఇవ్వండి. సభలో కొందరికి మింగుడు పడలేదు. తనకు జీతం, పదవి ఇచ్చే చేతుల ముందే ఆ మాట అన్నడు. తర్వాత 1930ల్లో గాంధీ మతమార్పిడిని గట్టిగా విమర్శించినప్పుడు కూడా ఆయన వెనక్కి తగ్గలేదు. ఖద్దరు నాయకుడి ముందు ఒక తీరు, తెల్లదొర ముందు ఒక తీరు లేదు ఆ మనిషికి.

ఇప్పుడు డోర్నకల్ పోయి ఎపిఫనీ కెథడ్రల్ చూడండి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. పైన మసీదు తీరు గుమ్మటాలు, లోపల గుడి తీరు రాతి స్తంభాలు. విశ్వాసంలో రవ్వంత సడలింపు లేని మనిషి, కట్టడానికి మాత్రం ఇంగ్లండు నమూనా తెచ్చిపెట్టలేదు. బాప్తిస్మం పొందే మాల, మాదిగ కూలీల చేత తల మీద చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందినవాణ్ని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనిపించేటోడు. వెట్టి చేసే మనిషి దొర గడి ఉన్న ఊర్లో ఆ మాట పైకి అనడం అంటే ఏమిటో ఊహించుకోండి. గుమాస్తా తమ్ముడి కష్టం చిన్నదని అనను, కాని మన ఎనక ఎవరున్నరో యాది ఉండాలె.

జనగామ_జంక్షన్
మంగళవారం, మధ్యాహ్నం 2:05

చరిత్ర బాగుంది. నేను ఒక ముల్లు ప్రశ్న అడుగుతా, ఎవరూ కోపానికి రావద్దు. హారతి దగ్గర ఇంత ధైర్యం చెప్తున్నరు, తహసీల్దార్ ఆఫీసు దగ్గర ఏమైతది ఆ ధైర్యం? చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు. ఆదివారం హల్లెలూయ, సోమవారం హిందూ ఎస్సీ. సిగ్గుపడను అనే వాక్యం ఫారం నింపేటప్పుడు ఎందుకు యాదికి రాదు?

మానేరు_గట్టు
మంగళవారం, సాయంత్రం 5:30

జనగామ గారూ, ముల్లు గుచ్చారు, సరే. ఆ ముల్లు నాటింది ఎవరో కూడా చెప్పండి. మా తాత బాప్తిస్మం తీసుకున్న మరునాడు ఊళ్లో హోటల్‌లో ఆయన గ్లాసు వేరే గ్లాసుల్లో కలవలేదు. బయట చూరుకే ఉంది. నీళ్లలో మునిగి లేచిన మనిషి అంటరానితనం నుంచి లేవలేదు, ఊరు లేవనివ్వలేదు. సంఘాల్లో కూడా మాల చర్చి, మాదిగ చర్చి అని మనమే గోడలు కట్టుకున్నాం. అవస్థ అదే ఉన్నప్పుడు కాగితం మాత్రం మారాలంటారా?

అయినా నేను మార్చుకున్నాను. నాది ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లకిచ్చే బీసీ-సీ సర్టిఫికెట్. నా అక్క పిల్లలది కాదు. వాళ్లను నిలదీసే అర్హత నాకుందని ఒక్కరోజూ అనిపించలేదు.

వకీల్_హన్మకొండ
మంగళవారం, రాత్రి 8:45

చట్టం సంగతి అడిగారు కాబట్టి క్లుప్తంగా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు మాత్రమే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారికి, వారి సంతానానికి మన రాష్ట్రంలో బీసీ-సీ కింద 1 శాతం ఉంది. మతానికీ ఎస్సీ హోదాకూ ముడి తెంచమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది, అమలు కాలేదు. అదే విషయం చూడమని కేంద్రం 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేసింది. క్రైస్తవం ఆచరిస్తూ రిజర్వేషన్ కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు అన్నది. అంటే జనగామ గారి ప్రశ్నకు కోర్టులో బలముంది, మానేరు గారి బాధకు ఇంకా జవాబు లేదు.

గుమాస్తా విషయానికి వస్తే, రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇస్తుంది. అయితే అది ప్రధానంగా ప్రభుత్వం మీద ఉన్న హక్కు. ఆడ్తి దుకాణంలో సేటు ముందు ఆ అధికరణ తీస్తే మాట చెడుతుంది తప్ప పని జరగదు. కాని 1986 నాటి కేరళ కేసు ఒకటి చదవాలి. యెహోవా సాక్షుల కుటుంబంలో ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతానికి లేచి నిలబడ్డారు, పాడలేదు. బడి నుంచి తీసేశారు. మర్యాదగా నిలబడినవాడు పాడనంత మాత్రాన అవమానించినట్టు కాదని చెప్పి సుప్రీంకోర్టు పిల్లలను తిరిగి చేర్చుకోమన్నది. తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువాడే. కాజీపేట పెద్దాయన షెడ్డులో చేతులు కట్టుకొని నిలబడ్డది దాదాపు ఇదే.

అన్ని చోట్లా ఇలాగే జరుగుతుందని అనుకోవద్దు. రెజిమెంట్ గుడి గర్భాలయంలోకి రానన్న ఒక క్రైస్తవ సైనికాధికారి ఉద్యోగం పోయింది. 2025లో ఢిల్లీ హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు కూడా సైన్యం వైపే నిలిచాయి. సైన్యంలో క్రమశిక్షణ కొలత వేరు. వద్దని చెప్పేవాడు ఖర్చు లెక్క కూడా వేసుకోవాలి.

ఖని_బాయిపని
మంగళవారం, రాత్రి 9:15

లెక్క మన గుమాస్తాకు వస్తది తియ్యి. "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నరు గద దానియేలు గ్రంథంల ఆ ముగ్గురు యువకులు అగ్నిగుండం ముంగట. కాపాడ్తడని గ్యారంటీ తీసుకొని నిలబడలే.

జనగామ_జంక్షన్
మంగళవారం, రాత్రి 9:30

మానేరు అక్కా, గ్లాసు ముచ్చట చదివిన. నా ప్రశ్న నేను వాపసు తీసుకోను. కాని మీ అక్క పిల్లలను కాదు, ఆ మూడో పేరాను అడగాల్సిందని ఒప్పుకుంట.

నిర్వాహకుడు
మంగళవారం, రాత్రి 9:50

సర్టిఫికెట్ల మీద వేరే చర్చ తెరవండి, ఇక్కడ అసలు ప్రశ్న మీదే ఉండండి. ఇందాక ఒక సభ్యుడు పెట్టిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఏ దేవుణ్నీ బూతు మాట అనడానికి ఇక్కడ వీల్లేదు, ఎంత విశ్వాసంతో అన్నా సరే.

ఎనుమాముల_గుమాస్తా
ఆదివారం, మధ్యాహ్నం 2:40

అందరికి వందనాలు. చెప్పిన.

మొన్న సాయంత్రం కాంటాలు ఆపినంక, సేటు ఒక్కడే గల్లా కాడ ఉంటే చాయ్ తెప్పిచ్చిండు. మానేరు అక్క చెప్పిన నాలుగు ముక్కలే చెప్పిన. మధ్యల గొంతు ఎండుకపోయింది గాని "ఏమనుకోకండి" అని మాత్రం అనలే. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి చానాసేపు ఏమనలే. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడిగిండు. పని పడలేదు సేటూ, ఇప్పుడు పడ్డది, చెప్తున్న అన్న. మా నాయన ఉంటే ఒప్పుకోకపోవు అన్నడు. హారతి నా కొడుకు పడ్తడు, పుస్తకాలు మాత్రం నువ్వే సర్ది పెట్టు, వానికి ఏది ఏ ఖాతానో తెల్వది అని లేచిపోయిండు.

అంత సాఫ్‌గ ఏం అయిపోలే. సేటమ్మకు పట్టింపులు ఎక్కువ. కొత్త పుస్తకంల మొదటి పద్దు పూజ చేసినోని చేతితోనే పడాల్నట, లేకపోతే ఏడాదంత కలిసిరాదట. నిన్న దుకాణంలకు వచ్చి నాతోని మాట్లాడకుంటనే పోయింది. పోయిన వారం దాక నా టిఫిన్ డబ్బాల ఏముందో అడిగేటిది.

కాజీపేట_లోకోషెడ్
ఆదివారం, మధ్యాహ్నం 3:10

శభాష్ బిడ్డా. సేటమ్మ సంగతి పత్తి సీజన్ అయ్యేవరకు సర్దుకుంటది. మొదటి పద్దు కొడుకునే రాయనియ్యి, తప్పు రాస్తే రెండోది నువ్వు దిద్దు.

మానేరు_గట్టు
ఆదివారం, సాయంత్రం 4:00

సంతోషం తమ్ముడూ. సర్దుకుంటుందనే నమ్మకం నాకు అంత లేదు. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకామె ఇప్పటికీ నాతో ముక్తసరిగానే ఉంటుంది. అయినా నీ పని నువ్వు చేశావు. హమాలీలకు తెలుసా? పండుగ రోజు వాళ్ల ముందు గుసగుసలు మొదలవకుండా వాళ్లకు కూడా నువ్వే చెప్పడం మేలు.

ఎనుమాముల_గుమాస్తా
సోమవారం, రాత్రి 8:25

చెప్పిన అక్కా. అక్కడ ఇంకో కథ అయింది. హమాలీలల్ల ఒకాయన నన్ను బస్తాల ఎనుకకు పిలిచి, తను గూడ విశ్వాసినే అన్నడు. గొర్రెకుంట దిక్కు ఒక ప్రార్థన మందిరానికి పోతడట. నేను చేరినప్పటి సంది రోజూ ఒకే కాంటా కాడ ఉన్నం, ఇద్దరికీ ఎరుక లేదు. అయితే ఏటా దీపావళికి కాంటాకు బంతిపూల దండ కట్టేది ఆయనేనట. కరెంటు కాంటా వచ్చినంక గూడ ఆ నంబర్లు పడే డబ్బాకు కడ్తడట. దండ కడితే పూజ చేసినట్టా, తాడు ముడి వేసినట్టా అని నన్నే అడిగిండు. నేను కట్టకు అన్న. ఖని అన్న మాటలు పుస్తకం లెక్క చెప్పుకపోయిన. ఆయన ఇనలే. నీకు కలం పని, నాకు తాడు పని, నీ పని నువ్వు చెయ్యి అన్నడు. గట్టిగనే వాదం పడ్డది. అంతల పరకాల నుంచి లోడు వచ్చింది, రేపు మాట్లాడుకుందమని దిగినం.